అరకు నుంచి చింతపల్లి దాకా: విశాఖ మన్యాన్ని నిదానంగా చూడాలంటే

విశాఖ నుంచి అరకు వెళ్ళేవాళ్ళలో చాలామంది తెల్లారకముందే బయల్దేరతారు. బొర్రా గుహలు, ఒక వ్యూ పాయింట్, ఒక గార్డెన్ చూసి, మధ్యలో బొంగు చికెన్ తిని, రాత్రికి ఇంటికి చేరిపోతారు. ఒక్క రోజులో అంతకన్నా ఎక్కువ కుదరదు కూడా. కానీ అలా చూస్తే కొండలు కారు అద్దంలోంచి కనిపించే పచ్చదనంగానే మిగిలిపోతాయి. ఈ అడవి ఎవరిది, ఈ నేల ఎవరిది అన్న ప్రశ్న ఈ కొండల మీద వందేళ్ళకు పైగా నడుస్తోంది. 1922లో అది తిరుగుబాటైంది, 1997లో సుప్రీంకోర్టు తీర్పైంది, ఇవాళ కాఫీ తోటలో పట్టా కాగితంగా ఉంది. ప్రకృతిని, చరిత్రని ఇక్కడ విడివిడిగా చూడలేం. రెండూ కలిపి చూడాలంటే నాలుగైదు రోజులు, కొంచెం ఓపిక, కింద చెప్పిన వరస కావాలి.

ముందు ఏ నెలో తేల్చుకోండి

"అరకు ఎప్పుడు బాగుంటుంది" అని అడిగితే అందరూ శీతాకాలమనే చెబుతారు. నిజమే, కానీ సగం నిజం. మీరు ఏం చూడాలనుకుంటున్నారో దాన్ని బట్టి నెల ఎంచుకోండి.

పసుపు పచ్చని వలిసె పూల చేలు చూడాలంటే నవంబరు సరైన సమయం. అక్టోబరు చివర్లో మొదలై డిసెంబరు మొదటి వారాల దాకా అక్కడక్కడా ఉంటాయి. ఎర్రగా పండిన కాఫీ కాయలు, కోతలు, ఎండబెట్టడం చూడాలంటే నవంబరు నుంచి జనవరి. మబ్బుల సముద్రానికి, గడ్డకట్టే చలికి డిసెంబరు, జనవరి. జలపాతాలు నిండుగా కావాలంటే జులై నుంచి సెప్టెంబరు. అయితే వానాకాలంలో ఘాట్ల మీద బండరాళ్ళు జారిపడతాయి, రైళ్ళు రద్దవుతాయి, వాగులు పొంగితే ఊళ్ళకు దారే ఉండదు. పైగా మలేరియా కాలం. పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు అక్టోబరు దాకా ఆగడమే మేలు.

ఎవరూ పెద్దగా చెప్పని కాలం ఇంకోటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒకట్రెండు వానలు పడ్డాక కాఫీ మొక్కలు ఒక్కసారిగా తెల్లగా పూస్తాయి. కొమ్మ పొడవునా గుత్తులు గుత్తులుగా వచ్చే ఆ పువ్వుల వాసన మల్లెపూలను గుర్తుచేస్తుంది. మహా అయితే నాలుగైదు రోజులుంటాయి, రాలిపోతాయి. ఇంచుమించు అదే సమయంలో, చైత్రంలో, గిరిజనుల ఇటుకల పండుగ వస్తుంది. జనం తక్కువ, గదులు దొరుకుతాయి, పగలు ఎండ ఉన్నా రాత్రి చల్లగానే ఉంటుంది. నన్నడిగితే మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నవంబరు, రెండోసారి వెళ్ళేవాళ్ళకు ఏప్రిల్.

ఏ నెలైనా శని, ఆదివారాలు వద్దు. డిసెంబరు ఆదివారం లంబసింగి రోడ్డు మీద మీకు మంచు కన్నా బళ్ళే ఎక్కువ కనిపిస్తాయి.

దారి ఒకవైపు ఎక్కి, ఇంకోవైపు దిగేలా వేసుకోండి

కొండల మీదికి ప్రధానంగా మూడు దారులున్నాయి. శృంగవరపుకోట మీదుగా అనంతగిరి, అరకు ఒకటి. మాడుగుల వైపు నుంచి పాడేరు ఘాట్ రెండోది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి మూడోది. ఎక్కిన దారినే దిగకండి. అరకు వైపు ఎక్కి, పాడేరు మీదుగా పైపైనే చింతపల్లి చేరి, నర్సీపట్నం వైపు దిగితే అడవి, పంటలు, మనుషులు ఎలా మారుతున్నారో వరసగా అర్థమవుతుంది. ఇందులో చాలా భాగం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వస్తుంది. జిల్లా కేంద్రం పాడేరు.

బస రెండు చోట్ల పెట్టుకుంటే చాలు: అరకులో రెండు రాత్రులు, పాడేరులోనో చింతపల్లి, లంబసింగి చుట్టుపక్కలో ఇంకో రెండు. రోజుకో ఊళ్ళో దిగి సామాన్లు మోసుకోవడం వల్ల వచ్చేదేం లేదు. మ్యాపులో దూరం చూసి టైం లెక్కేసుకోవద్దు. మలుపులు, పశువులు, ఎదురొచ్చే జీపులు అన్నీ కలిపి 40 కిలోమీటర్లకు గంటన్నర వేసుకోండి. చీకటి పడ్డాక ఘాట్ ఎక్కడం గానీ దిగడం గానీ పెట్టుకోకండి. పొగమంచు దిగిందంటే బండి ముందున్న రోడ్డే కనపడదు.

బయల్దేరే ముందు రెండు పనులు చేయండి. కాస్త ఎక్కువ నగదు దగ్గర పెట్టుకోండి, ఎందుకంటే సిగ్నల్ లేని చోట ఫోన్‌తో డబ్బు కట్టలేం, ఏటీఎంలు పెద్ద ఊళ్ళలోనే ఉంటాయి. వెళ్ళే దారి మ్యాపుని ఫోన్లో ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ఎలాగూ ఉండాలి, చెక్‌పోస్టుల్లో అడుగుతారు.

పైకి రైల్లోనే వెళ్ళండి

సొంత కారున్నా సరే, ఎక్కేటప్పుడు మాత్రం రైలెక్కండి. అవసరమైతే కారుని డ్రైవరు రోడ్డు మీద తీసుకొస్తాడు, లేదా అరకులో అద్దెకు తీసుకోవచ్చు. విశాఖ నుంచి కిరండూల్ వెళ్ళే ప్యాసింజర్ పొద్దున్నే బయల్దేరి నాలుగు గంటల్లో అరకు చేరుస్తుంది. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టెని ఈ దారిలో 2017లో మొదలుపెట్టారు. దానికి టికెట్ కావాలంటే రిజర్వేషన్ తెరిచిన రోజే ప్రయత్నించాలి. దొరకలేదని టెన్షన్ పడక్కర్లేదు. మామూలు పెట్టెలో కిటికీ పక్క సీటు దొరికితే గాలి, వాసన, సొరంగంలో పిల్లల కేకలు అదనంగా వస్తాయి.

ఈ లైను పర్యాటకుల కోసం వేసింది కాదు. బస్తర్‌లోని బైలదిల్లా గనుల నుంచి ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి, అక్కడి నుంచి జపాన్‌కి పంపడం కోసం 1960లలో జపాన్ సాయంతో కొత్తవలస–కిరండూల్ లైను వేశారు. 58 సొరంగాలు తవ్వారు. మీ రైలు ఏ స్టేషన్లోనో ఆగిపోయి కదలకపోతే విసుక్కోకండి, ఎదురుగా ఖనిజం నింపుకున్న గూడ్సు దిగి వస్తూ ఉంటుంది. దాని వెంట ఎగిరే ఎర్ర దుమ్ము చూడండి. ఈ కొండల్లో రోడ్డు, రైలు, గని ఏది వచ్చినా ఎవరి కోసం వచ్చిందో కూడా ఆ దుమ్మే చెబుతుంది.

శివలింగపురం దాటాక ఎక్కుడు మొదలవుతుంది. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగూడ, తర్వాత అరకు. శిమిలిగూడ బోర్డు మీద ఎత్తు 996 మీటర్లని ఉంటుంది. బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తైనదని దానికి చాలాకాలం పేరుంది. పొద్దున సముద్రం ఒడ్డున ఎక్కిన రైల్లోంచే ఆ బోర్డు చూస్తారు.

బొర్రాలో దిగి, పైకప్పుని చూడండి

బొర్రా గుహలు స్టేషన్లో దిగితే గుహలు దగ్గరే. గుహలు చూసుకుని రోడ్డు దారిన అరకు వెళ్ళొచ్చు.

లోపలికి వెళ్ళగానే గైడ్లు "ఇది ఏనుగు, ఇది మొసలి, ఇది తల్లీబిడ్డ" అని టార్చి వేసి చూపిస్తారు. పిల్లలకు బాగుంటుంది. మీరు మాత్రం ఒక ఐదు నిమిషాలు ఒక్కచోటే నిలబడి పైకప్పు నుంచి వేలాడే రాతి మొనల్ని చూడండి. వాన నీరు మట్టిలోంచి ఇంకేటప్పుడు కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకొని కొంచెం ఆమ్లంగా మారుతుంది. ఆ నీరు సున్నపురాయిని కరిగించుకుంటూ దిగుతుంది. గుహలోకి రాగానే ఆ వాయువు గాలిలో కలిసిపోతుంది, కరిగిన సున్నం మొన దగ్గర పొరగా మిగులుతుంది. చుక్క కింద పడిన చోట ఇంకో మొన పైకి లేస్తుంది. రెండూ కలిస్తే స్తంభం. కొన్ని మొనల చివర చుక్క ఇంకా వేలాడుతూ ఉంటుంది, అంటే ఆ రాయి ఇప్పటికీ పెరుగుతోందన్నమాట. దాన్ని ముట్టుకోవద్దు. చేతి జిడ్డు అంటితే ఆ చోట సున్నం సరిగ్గా పేరుకోదు, నల్లగా మారుతుంది. చాలామంది చేతులు పడి నునుపైపోయిన రాళ్ళు దారి పక్కన మీకే కనిపిస్తాయి.

పైన మేస్తున్న ఆవు ఒకటి కప్పులోని రంధ్రంలోంచి గుహలో పడిందని, వెతుక్కుంటూ వచ్చిన కాపరికి లోపల శివలింగం కనిపించిందని ఇక్కడివాళ్ళు చెబుతారు. శివరాత్రికి పెద్ద జాతర జరుగుతుంది. గుహ కిందుగా పారే గోస్తనీ నది తాటిపూడి జలాశయం నింపి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది.

గైడ్లు చెప్పని సంగతి ఇంకోటుంది. ఈ బొర్రా చుట్టుపక్కల ఊళ్ళలోనే కాల్సైట్ అనే సున్నపు ఖనిజం తవ్వకాలకు బయటి కంపెనీలకు లీజులిచ్చారు. తమ భూముల్లో తాము కూలీలైపోయిన గిరిజనుల తరఫున సమత అనే సంస్థ కోర్టుకెళ్ళింది. 1997 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రకటించిన ప్రాంతంలో, ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు గని కంపెనీలకు లీజుకివ్వడానికి వీల్లేదని. దేశంలో గిరిజన భూముల గురించి ఎక్కడ వాదన జరిగినా ఇప్పటికీ సమత తీర్పు పేరు వినిపిస్తుంది. అది పుట్టిన నేల మీద నిలబడ్డారని తెలిస్తే గుహ బయటి కొండల్ని చూసే చూపే మారుతుంది.

అరకులో ఒక రోజు సంతకి, ఒక రోజు తోటకి

అరకు చేరగానే మీరు దిగిన చోట "ఈ చుట్టుపక్కల సంత ఏ రోజు, ఎక్కడ" అని అడగండి. మన్యంలో ఒక్కో ఊళ్ళో వారానికో రోజు సంత జరుగుతుంది. మీ ప్రయాణంలో ఏదో ఒక సంత తప్పకుండా తగులుతుంది. వ్యూ పాయింట్ ఒకటి తగ్గినా పరవాలేదు, సంత వదలొద్దు. ఉదయం తొమ్మిది, పది గంటలకు వెళితే మంచి జోరుమీద ఉంటుంది.

ముందు కొనకుండా ఒకసారి చివరిదాకా నడవండి. ఒక పక్క కొండ దిగి వచ్చినవాళ్ళు తెచ్చిన సరుకు: పసుపు, పిప్పళ్ళు, రాజ్మా, చోళ్ళు, సామలు, అడ్డాకుల కట్టలు, కొండ చీపుళ్ళు, చింతపండు, కాలాన్ని బట్టి తేనె. ఇంకో పక్క కింది నుంచి వచ్చిన వ్యాపారుల సరుకు: ఉప్పు, ఎండు చేపలు, బట్టలు, గిన్నెలు. రెండు గంటలు నడిచి, తలమీద గంప మోసుకొచ్చిన ముసలమ్మ ఆ పసుపు అమ్మి ఈ ఉప్పు, ఎండు చేపలు కొనుక్కుని మళ్ళీ కొండెక్కుతుంది. అటవీ సరుకుల్ని దళారుల చేతిలో మోసపోకుండా కొనడానికి, నిత్యావసరాలు డిపోల ద్వారా అందించడానికి గిరిజన సహకార సంస్థను 1956లో పెట్టారు. జీసీసీ అంటే ఇక్కడ అందరికీ తెలుసు. వాళ్ళ దుకాణాల్లో తేనె, కాఫీ పొడి నమ్మకంగా కొనుక్కోవచ్చు. సంతలో మాత్రం గీచి గీచి బేరమాడకండి. మీకు మిగిలే పది రూపాయలు వాళ్ళకి తిరుగు జీపు ఖర్చు.

మరుసటి రోజు కాఫీ తోటలోకి వెళ్ళండి. రోడ్డు పక్క నుంచి చూస్తే అడవిలాగే ఉంటుంది, తోట అనిపించదు. పైన నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మొదళ్ళ నుంచి పాకిన మిరియాల తీగలు, కింద నీడలో భుజం ఎత్తు కాఫీ మొక్కలు. అరబికా రకానికి ఎండ పడదు, నీడ, చల్లదనం, కొంచెం వాలు నేల కావాలి. ఈ కొండల ఎత్తు సరిపోయింది. అరకు వ్యాలీ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

కోతల కాలమైతే రైతుని అడిగి ఒక ఎర్ర కాయ కోసి వేళ్ళతో నొక్కండి. తోలు చిట్లి జిగురు పట్టిన రెండు గింజలు జారి బయటికొస్తాయి. నోట్లో వేసుకుంటే ఆ జిగురు తియ్యగా ఉంటుంది, కాఫీ రుచి ఇసుమంతైనా ఉండదు. పండిన కాయని ఏ రోజుకారోజు మరపట్టి తోలు తీసి, కడిగి, టార్పాలిన్ల మీదో వెదురు తడకల మీదో ఎండబెడతారు. దాన్ని పార్చ్‌మెంట్ అంటారు. పచ్చికాయ, పండుకాయ కలిపి కోస్తే ధర పడిపోతుంది. అందుకే ఒకే మొక్క దగ్గరికి పండినవి మాత్రమే ఏరుకోవడానికి మూడు నాలుగు సార్లు తిరుగుతారు. ఎకరం తోట మీద కుటుంబమంతా ఎందుకు పనిచేస్తుందో అక్కడ పావుగంట నిలబడితే తెలుస్తుంది.

ఇదే వాలు మీద ఒకప్పుడు పోడు. చెట్లు నరికి, కాల్చి, ఆ బూడిదలో సామ, చోడి చల్లి, రెండు మూడేళ్ళకు ఇంకో వాలుకి మారడం. అడవి పోతోందని పోడు మాన్పించడానికి ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ), కాఫీ బోర్డు కలిసి కాఫీని ప్రోత్సహించాయి. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక చాలామందికి సాగులో ఉన్న భూమికి పట్టా వచ్చింది. ఊళ్ళో "ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టా" అన్న మాట వింటే అదే.

వలిసె చేల విషయంలో ఒక్కటి గుర్తుంచుకోండి. అవి ఫొటోల కోసం వేసిన పూలు కావు, నూనె గింజల పంట. మధ్యలోకి నడిస్తే తొక్కిన మేర పంట పోయినట్టే. గట్టు మీద నిలబడి తీసుకోండి. రైతు కొంత డబ్బు అడిగితే విసుక్కోకుండా ఇవ్వండి. చేలో తేనెటీగలు ముసిరి ఉంటాయి, సెంటు పూసుకుని వెళ్ళకండి.

గిరిజన మ్యూజియానికి మధ్యాహ్నం ఎండలో ఓ గంట కేటాయించండి. గదబ స్త్రీలు చెట్టు నారతో నేసే చారల కెరంగ్ బట్ట ఊళ్ళలో ఇప్పుడు అరుదుగా కనిపిస్తుంది, దాన్ని ఇక్కడ దగ్గరగా చూడొచ్చు.

ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు

బగత, వాల్మీకి, కొండదొర, కోటియా, కోందు, పోర్జ, గదబ. ఒక్కో ఊరు ఒక్కో తెగది కావచ్చు, రెండు మూడు కలిసి ఉండొచ్చు. అరకు చుట్టుపక్కల ఆదివాసీ ఒడియా ఎక్కువ వినిపిస్తుంది, కోందుల ఇళ్ళలో కువి. తెలుగు దాదాపు అందరికీ వస్తుంది. కాబట్టి భాషతో ఇబ్బందేం లేదు, మర్యాదతోనే వస్తుంది. పట్నం నుంచి వచ్చినవాళ్ళు నోరు తెరవగానే "ఏయ్, నువ్వు, ఇటు రా" అంటారు. మీ ఊళ్ళో పెద్దవాళ్ళని ఎలా పిలుస్తారో ఇక్కడా అలాగే పిలవండి: అమ్మా, తాతా, అన్నా, మీరు.

స్థానిక కుర్రాడినెవరినైనా వెంట తీసుకెళ్ళండి, రోజు కూలికి తగ్గకుండా ఇవ్వండి. ఊరి మొదట్లో ఆగి, ఎవరైనా కనిపిస్తే ఎందుకొచ్చారో చెప్పి అప్పుడు లోపలికి నడవండి. చెట్టు కింద నిలబెట్టిన రాళ్ళు దేవతలు కావచ్చు, వాటి మీద కూర్చోవద్దు, కాళ్ళు పెట్టొద్దు. స్నానం చేసే ఊటల దగ్గర కెమెరా తీయొద్దు. పిల్లలకు చాక్లెట్లు, డబ్బులు పంచకండి. చెయ్యి చాపడం వాళ్ళకి నేర్పిస్తున్నది మనమే. ఏదైనా ఇవ్వాలనుంటే బడిలో టీచరుని కలిసి ఏం కావాలో అడిగి ఇవ్వండి.

థింసా చూడాలని అందరికీ ఉంటుంది. ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుని, డప్పు, తుడుము, కిరిడి, మోరి మోగుతుంటే ఒకే అడుగుతో వలయంగా తిరిగే నాట్యం అది. రిసార్టుల్లో రాత్రిపూట ఆడేది కూడా వాళ్ళకు ఆదాయమే, తప్పుబట్టను. కానీ చైత్రంలో ఇటుకల పండుగప్పుడు ఊళ్ళో ఆడేది వేరు. అప్పుడు ఎవరూ ప్రేక్షకులుండరు. ఆ రోజుల్లో విత్తనాలకు పూజ చేస్తారు, మగవాళ్ళు వేటకెళతారు, ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయే బళ్ళని ఆపి డబ్బులడుగుతారు. హారన్ కొట్టకండి, భయపడకండి. చిల్లర దగ్గర ఉంచుకుని, దిగి, నవ్వుతూ ఇవ్వండి.

పాడేరు వైపు: మబ్బులు, చేపలు

అరకు నుంచి పాడేరు వెళ్ళే దారిలో డుంబ్రిగూడ దగ్గర చాపరాయి వాగు తగులుతుంది. బండల మీదుగా జారే నీళ్ళు చూడ్డానికి లోతు లేనట్టే ఉంటాయి. నాచు పట్టిన రాయి మీద కాలు జారితే మాత్రం పట్టు దొరకదు. వానాకాలంలో దిగొద్దు.

హుకుంపేట మండలంలో మఠం దగ్గర మత్స్యగుండం ఉంది. వాగు మడుగులో చేపల్ని దేవుళ్ళుగా చూస్తారు, ఎవరూ పట్టరు. మరమరాలు చల్లితే నల్లటి చేపలు ఒకదాని మీదొకటి ఎగబడతాయి. వేల మంది శివరాత్రికి వచ్చే చోట కూడా ఒక్క వల పడదు. ఈ నీళ్ళ దారి గోస్తనీకి పూర్తిగా వేరు. గోస్తనీ తూర్పుకి దిగి నేరుగా సముద్రంలో కలిస్తే, ఇవి మాచ్‌ఖండ్ అయి ఒడిశా వైపు వెళ్ళి, డుడుమ దగ్గర దూకి, సీలేరుగా, శబరిగా మారి చివరికి గోదావరిలో చేరతాయి. పక్కపక్క కొండల మీద పడిన వాన ఇంత దూరం విడిపోతుంది.

పాడేరులో పడుకుని, తెల్లవారుజామున నాలుగింటికల్లా వంజంగి కొండకి బయల్దేరండి. పై వరకు బండి వెళ్ళదు, చివర నడవాలి. టార్చి, మంచి పట్టున్న బూట్లు, స్వెటర్ తప్పనిసరి. రాత్రి ఆకాశం తేటగా ఉండి గాలి లేకపోతే నేల వేడిని త్వరగా వదిలేస్తుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి లోయలోకి జారుతుంది. అందులోని తేమ అక్కడే పొగమంచుగా మారుతుంది, పైన వెచ్చటి గాలి మూతేసినట్టు ఉండటంతో లేవలేదు. అందుకే మీరు మబ్బుకి పైన ఉంటారు. ముందు రోజుల్లో వాన పడి, ఆ రాత్రి ఆకాశం విచ్చుకుని, గాలి స్తంభిస్తే మబ్బులు దొరికే అవకాశం ఎక్కువ. గాలి వీస్తుంటే కొండెక్కినా ఏమీ ఉండదు, నిద్ర పోనిచ్చుకోండి. ఎండెక్కేకొద్దీ, ఎనిమిది దాటితే చెదిరిపోతాయి. మీ నీళ్ళ సీసా, బిస్కెట్ కవరు మీ సంచిలోనే కిందికి తేండి. పైన చెత్త ఎత్తే మనిషి లేడు.

లంబసింగి, చింతపల్లి

పాడేరు నుంచి చింతపల్లి వైపు దారి తక్కువమంది వెళ్ళేది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. లంబసింగిలో డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి సున్నా డిగ్రీల దగ్గరకి పడిపోతుంది. చెరువులవేనం వ్యూ పాయింట్‌కి అందరూ వెళతారు. మీరూ అది చూశాక, తాజంగి జలాశయం గట్టు మీద నడవండి, తర్వాత రోడ్డు వదిలి కాఫీ తోటల అంచుల్లోకి వెళ్ళండి.

పక్షుల మీద ఆసక్తి ఉంటే ఈ చుట్టుపక్కల మామూలు చోటు కాదు. ఈశాన్య భారతంలో, మయన్మార్ వైపు ఉండే అబట్స్ బ్యాబ్లర్ అనే చిన్న గోధుమరంగు పిట్ట, అంత దూరంలో విడిగా ఈ విశాఖ కొండల్లోనూ బతుకుతోంది. ఇక్కడి ఉపజాతికి విశాఖ పక్షి పరిశోధకుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు పేరు పెట్టారు. అది పొదల కింద తిరుగుతుంది, కనిపించడం కష్టం. తెల్లారగట్ల వాగు ఒడ్డున మాట్లాడకుండా కూర్చుంటే పిలుపు వినే అవకాశం ఉంది. కొండ గోరింక ఈలలు మాత్రం ఎవరికైనా వినిపిస్తాయి. ఫోన్లో పక్షి కూతలు పెట్టి పిలవకండి, గూడు కట్టే కాలంలో వాటికది చేటు.

దిగే దారిలో అల్లూరి

చింతపల్లిలో పోలీస్ స్టేషన్ మీద దాడితోనే రంప పితూరీ, అంటే 1922 నాటి ఆ తిరుగుబాటు, మొదలైంది. 1922 ఆగస్టు 22 చింతపల్లి, 23 కృష్ణదేవిపేట, 24 రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. తుపాకులు, తూటాలు తీసుకుని, ఎన్ని తీసుకున్నారో స్టేషన్ రికార్డులో రాసి, సంతకం పెట్టి మరీ వెళ్ళారు అల్లూరి సీతారామరాజు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు చనిపోయారు. గాం గంటం దొర, గాం మల్లు దొర లాంటి అనుచరులు లేకుండా ఈ యుద్ధం లేదు. మల్లు దొర స్వాతంత్ర్యం వచ్చాక మొదటి లోక్‌సభకు విశాఖ నుంచి ఎన్నికయ్యారు కూడా.

ఎందుకు తిరగబడ్డారో ఈ రోడ్ల మీద తిరిగాక బాగా అర్థమవుతుంది. 1882 మద్రాసు అటవీ చట్టం పోడుని, అడవిలో తిరిగే స్వేచ్ఛని కట్టడి చేసింది. గూడెం కొండల్లో రోడ్లు వేయించడానికి బాస్టియన్ అనే అధికారి గిరిజనులతో అరకొర కూలికి వెట్టి చేయించాడు. బొర్రాలో విన్న సమత తీర్పు, అరకులో చూసిన పట్టా కాగితం, ఇక్కడి పోలీస్ స్టేషన్ మీది దాడి ఒకే గొడవకి మూడు దశలు. అరకు వైపు ఎక్కి ఇటు దిగమన్నది అందుకే.

లంబసింగి ఘాట్ దిగి నర్సీపట్నం చేరాక, కృష్ణదేవిపేటకి ఒక పూట కేటాయించండి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర పట్టుకుని, చెట్టుకి కట్టి కాల్చి చంపాక సీతారామరాజుకి అంత్యక్రియలు చేసింది ఇక్కడే. సమాధి చుట్టూ పార్కులా కట్టారు. ఊళ్ళో పెద్దవాళ్ళెవరైనా కూర్చుని ఉంటే పలకరించండి, వాళ్ళ తాతలు చెప్పిన కథలు చెబుతారు. తేదీల్లో తేడాలుంటే సరిదిద్దకండి, వినండి.

కిందికి దిగేటప్పుడు, దిగాక

నర్సీపట్నం వైపైనా, మాడుగుల వైపైనా దిగే దారిలో చెక్‌పోస్టుల దగ్గర బండి ఆపి సోదా చేస్తారు. గంజాయి రవాణా వల్ల ఇది తప్పదు. సహకరించండి. దారిలో ఎవరైనా "ఈ సంచి కింద మా వాళ్ళకి ఇచ్చేయండి" అంటే ఎంత మంచిగా అడిగినా తీసుకోవద్దు. కొత్తవాళ్ళని బండెక్కించుకునేటప్పుడు వాళ్ళ సామాను విషయంలోనూ అంతే జాగ్రత్త. అయితే గర్భిణినో, జ్వరంతో ఉన్న పిల్లనో డోలీలో మోసుకొస్తూ రోడ్డెక్కినవాళ్ళు కనిపిస్తే మాత్రం బండి ఆపండి. ఎన్నో గూడేలకు ఇప్పటికీ రోడ్డు లేదు, 108 వచ్చే చోటికి మోసుకురావాల్సిందే.

రైలు ఎక్కాలనుకునేవాళ్ళు గమనించండి: నర్సీపట్నం రోడ్ స్టేషన్ నర్సీపట్నం ఊళ్ళో లేదు, చాలా దూరం. తుని వెళ్ళడం కొందరికి తేలిక. విశాఖకి, అనకాపల్లికి బస్సులు బాగానే ఉంటాయి.

కొండ మీద ఉన్నన్నాళ్ళూ సాయంత్రాలు పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, దోమతెర ఉన్న గది అడగండి, కాచిన నీళ్ళే తాగండి. ఇంటికొచ్చాక నెల లోపు చలితో జ్వరం వస్తే మామూలు జ్వరమని మాత్ర వేసుకుని ఊరుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వెళ్ళగానే మొదటి మాటగా "ఏజెన్సీకి వెళ్ళొచ్చాను" అని చెప్పి, మలేరియా పరీక్ష చేయించుకోండి.